వాసన రబ్బరు

జగ్గయ్యపేటలో ఆటో దిగుతూ కృష్ణప్రియ ల్యాప్‌టాప్ జారవిడిచింది. ఆదివారం వాళ్ల పదో తరగతి బ్యాచ్ కలుసుకుంటోంది. అందరినీ బతిమాలి పోగేసిన పాత ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. అదేమో ఆన్ కావడం లేదు.

రిపేరు షాపు ఐజాజ్‌ది. అదే బ్యాచ్, చివరి బెంచీ. అడుగు మూత విప్పి, బ్యాటరీ ఊడదీసి, మళ్లీ తగిలించి బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది గానీ స్క్రీన్ వెలగలేదు.

"పడ్డప్పుడు మెమరీ ముక్క కదిలినట్టుంది. తీసి తుడవాలి. రబ్బరుందా టీచరమ్మా?"

"ఆరో క్లాసులో తీసుకున్నదే ఇంకా ఇవ్వలేదు నువ్వు. స్ట్రాబెర్రీ వాసనది."

"అది ఆ రోజే తినేశాగా. వాసన చూసి మోసపోయా."

అంత బెంగలోనూ కృష్ణప్రియకి నవ్వొచ్చింది. బ్యాగులోంచి రబ్బరు తీసిచ్చింది. ఐజాజ్ మెమరీ ముక్క అంచుల్ని దాంతో రుద్ది, టక్కుమనేదాకా నొక్కి బిగించాడు. తర్వాత అలవాటుగా రబ్బరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసనే లేదు. ఇప్పటి పిల్లలు ఏం తిని బతుకుతున్నారో."

బటన్ నొక్కాడు. ఈసారి స్క్రీన్ వెలిగింది. కృష్ణప్రియ గబగబా ఫొటోలు తెరిచి, ఆరో తరగతి గ్రూపు ఫొటో దగ్గర ఆగింది. చివర నిలబడ్డ పిల్లాడి బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. దాన్ని పెద్దది చేసి చూపించింది.

"ఇదిగో, నా రబ్బరు."