త్రాసు ముల్లు ఆగేదాకా

మా ఎదురింటి మేష్టారు పోయారు. జ్వరం ముదిరితే పడవలో రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చిన పడవలో ఆయన గొడుగు ఒక్కటే ఉంది. ఆయనకు నా అన్నవాళ్ళు లేరు కనుక పడవవాడు దాన్ని మా అరుగు మీద పెట్టి, "ఇంక రారండీ" అన్నాడు.

అది మా పిల్లను తూచాల్సిన వారం. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. పిల్లకు మళ్ళీ జ్వరం తగిలిన ఈ సమయంలోనా వెళ్ళిపోవడం అనుకున్నాను. దాచడమెందుకు, ఇప్పటికీ అనుకుంటున్నాను.

నా మొదటి బిడ్డ నా కళ్ళెదుటే చిక్కి పోయాడు. రోజూ చూసే కంటికి ఏమీ తెలియదు. నిన్నటిలాగే ఉన్నాడనుకుంటూనే పోగొట్టుకున్నాను. రెండోది ఆడపిల్ల. అయిదో నెలలో జ్వరం వచ్చి తగ్గాక ఎముకలు బయటపడ్డాయి. తాగిన పాలు ఒంటపడుతున్నాయో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. "మేష్టారండీ, ఇది దక్కుతుందో లేదో నాకెలా తెలుస్తుందండీ?" అని ఏడిస్తే ఆయన, "తూచి చూద్దామమ్మా" అన్నారు.

మా అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "పసిబిడ్డని తూస్తారా ఎక్కడైనా? దిష్టి తగలదూ? అదేమన్నా బెల్లమనుకున్నారేంటండీ?"

మేష్టారు వాదించలేదు. ఆయన బడి ఆయన అరుగే. అక్కడ చెప్పే పాఠాలన్నీ మా కిటికీలోకి వినపడేవి. పదార్థాల పాఠం చెంబుతో మొదలుపెట్టేవారు. చెంబుడు నీళ్ళు తూయించి, పారబోయించి, ఖాళీ చెంబు తూయించేవారు. "నీళ్ళని ఉత్త చేత్తో పట్టుకోలేం కదరా! చెంబుతో కలిపి తూచి, చెంబు బరువు తీసేయండి. మిగిలిందే నీళ్ళ బరువు" అనేవారు. అదే పాఠం ఆ రోజు మా గుమ్మంలో ఇంకో రకంగా చెప్పారు.

"బిడ్డ జోలికి నేను పోనండీ. మీ కోడల్ని తూస్తాను. చంకలో బిడ్డ ఉంటే ఉంటుంది."

కోడలికి దిష్టి తగిలినా ఫర్వాలేదనుకున్నారో ఏమో, అత్తగారు ఒప్పుకున్నారు.

కాలువ రేవులో ధాన్యం బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది. కూలీలు మధ్యాహ్నం అన్నాలకు వెళ్ళినప్పుడు, పక్షానికోసారి, మేం వెళ్ళేవాళ్ళం. ముందు బిడ్డతో నేను ఎక్కేదాన్ని. తర్వాత బిడ్డను అత్తగారికిచ్చి ఒక్కదాన్నీ ఎక్కేదాన్ని. మేష్టారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, వంగి ముల్లు వైపు చూసేవారు. బస్తాలు మోసే కాటా ఊపిరికి కదులుతుందా అని నవ్వితే, "చిన్న త్రాసు దగ్గర పడిన అలవాటు తల్లీ, పోదు" అనేవారు. నేను ఆగలేక "ఎంతండీ?" అంటే మాత్రం కసిరేవారు. "ముల్లు ఆగనీ! ఊగుతుండగా చూస్తే మన భయమే కనిపిస్తుంది."

రెండోసారి వెళ్ళినప్పుడు ఇద్దరం కలిసి అంతకు ముందుకంటే ఒక వీశె తక్కువ తూగాం. కాటా పలక మీదే కూలబడి ఏడ్చాను. మేష్టారు కదల్లేదు. "ఇద్దరిలో ఎవరు తగ్గారో తేలకుండా ఏడవకూడదమ్మా. బిడ్డని మీ అత్తగారికిచ్చి నిలబడు" అన్నారు.

నిలబడ్డాను. నేను వీశెంపావు తగ్గాను. బిడ్డ పావు వీశె పెరిగింది.

"అన్నం తింటున్నావా?" అని అడిగారు. బిడ్డ కోసం సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు, ఏ దేవుణ్ణీ వదలకుండా ఉపవాసాలుంటున్నానని చెప్పాను. "అది తాగేది నీ ఒంట్లోంచే కదమ్మా. నువ్వు తినకపోతే దానికెక్కణ్ణించి వస్తుంది?" అన్నారు. ఆ పూట నుంచే అత్తగారు నా ఎదురుగా కూర్చుని, వద్దంటున్నా వినకుండా నెయ్యి వేసి తినిపించారు.

మేష్టారు ఏనాడూ నాకు ధైర్యం చెప్పలేదు. మొదటి బిడ్డప్పుడు ధైర్యం చెప్పినవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఈయన ఉన్నది ఉన్నట్టు చెప్పి, నా పక్కన నిలబడ్డారు. ఆ రుణం నేను తీర్చుకోలేను.

నిన్న మధ్యాహ్నం బిడ్డను తీసుకుని అత్తగారూ నేనూ మాత్రమే రేవుకి వెళ్ళాం. కాటాకి తూకపు గుళ్ళు వెయ్యడానికి ఎవరున్నారని నేను వెనకాడుతుంటే, "నేనున్నాను, పద" అన్నారు అత్తగారు. బిడ్డ ఒళ్ళు నా భుజం మీద కాలిపోతోంది. ఇద్దరం కలిసి అరవీశె తగ్గాం. నేను ఏడవలేదు. బిడ్డను ఆవిడకిచ్చి ఒక్కదాన్నీ ఎక్కాను. తగ్గింది నేనే అయి ఉండాలని, నా ఒంట్లోంచి ఎంత పోయినా ఫర్వాలేదని మొక్కుకున్నాను.

నేను తగ్గలేదు. ఆవిడ పెట్టిన అన్నం అంతా నా ఒంట్లోనే ఉంది.

అత్తగారు చాలాసేపు ముల్లు వంకే చూశారు. తర్వాత బిడ్డను నా చేతుల్లో పెట్టి, "ముల్లు ఇంకా ఊగుతోందే. మళ్ళీ ఎక్కు" అన్నారు.

ముల్లు అప్పటికే ఆగింది. ఇద్దరం చూశాం. అయినా బిడ్డను ఎత్తుకుని మళ్ళీ ఎక్కాను. అత్తగారు పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాటా ముందు వంగి నిలబడ్డారు.