పద్నాలుగణాల యుద్ధం

మా పెదనాయన జోస్యాలు అణాల్లో చెప్పేవాడు. దేశమంతా నయాపైసల్లోకి మారి ఏళ్లు గడిచినా ఆయన మారలేదు. అల్లూరు చుట్టుపట్ల పైరును చూసి ‘ఈ ఏడు పన్నెండణాల పంట’ అని అంచనా కట్టడం వాడుక. పదహారణాలంటే నిండు పంట. ఆ కొలతే పట్టుకుని ఆయన లోకాన్ని కూడా కొలిచేవాడు. “అసెంబ్లీకి మనోడు పదణాలు గెలుస్తాడు. రష్యావోడూ అమెరికావోడూ కొట్టుకునేది నాలుగణాలే.” నిన్నటి పేపరు ఇవాళ మధ్యాహ్నం బస్సులో వచ్చేది. అది వచ్చిన కాసేపటికే మా అరుగు మీద ప్రపంచానికి అంచనా కట్టేవారు.

పంటనైతే కోస్తారు, నూరుస్తారు, కొలుస్తారు. అంచనా కట్టినవాడి బండారం కళ్లంలో బయటపడుతుంది. పెదనాయన మాటల్ని కొలిచిన మగాడు మా వీధిలో పుట్టలేదు. మనోడు గెలిస్తే “చెప్పలా?” అనేవాడు. ఓడితే “మరి ఆరణాలు ఎందుకు మిగిల్చినాననుకున్నారు?” అనేవాడు. కర్ర విరగదు, పాము చావదు. పన్నెండణాలని చెప్పినవన్నీ ఒకచోట వేసి, వాటిలో నాలుగింట మూడైనా జరిగాయా అని చూస్తే కదా ఆయన సరుకు తెలిసేది! ఆ పని మానేసి, అబ్బో ఏం తెలివి, ఏం తెలివి అని తలలూపేవారు. తలుపు వెనక నిలబడి విని నేను మూతి తిప్పుకునేదాన్ని.

కావలిలో ఉన్న మా మేనమామ కొడుక్కి అక్కను ఇవ్వాలని చిన్నప్పటినుంచీ అనుకున్నదే. బావ మిలిటరీలో చేరాడు. అక్కకు బావంటే ప్రాణం. ఇక ముహూర్తం పెట్టుకుందామని మామ కబురు పంపేసరికి, చైనావాళ్లతో సరిహద్దు గొడవల వార్తలు పేపర్ల నిండా ఉన్నాయి. మా నాయన అన్నను అడగందే గొడ్డును కూడా కొనేవాడు కాదు. కూతురి పెళ్లి సంగతైతే చెప్పాలా?

“యుద్ధం వస్తాదంటావా అన్నా?”

“పద్నాలుగణాలు వస్తాది. తొందరపడి పిల్లనియ్యబాక.”

అంతే. పద్నాలుగణాల పంటంటే గాదె నిండినట్టే కదా. పద్నాలుగణాల యుద్ధమంటే బావ పద్నాలుగణాలు చచ్చినట్టేనని అరుగు మీద అందరూ లెక్క కట్టేశారు. యుద్ధం రావడం వేరు, అందులో ఈ ఒక్కడు పోవడం వేరు అన్న ఇంగితం ఒక్క తలకాయలోనూ లేదు. నాయన కావలికి మనిషిని పంపి సంబంధం వద్దనిపించాడు. అక్క అన్నం ముట్టలేదు. జ్వరమేమోనని మిరియాల కషాయం కాచి పోశారు.

దీపావళికి ముందు యుద్ధం వచ్చింది. ఇక పెదనాయనను పట్టేవాళ్లు లేరు. జవాన్లు మంచుకొండల్లో చస్తుంటే మా అరుగు మీద “ఎంత బాగా చెప్పినావయ్యా!” అని మెచ్చుకోళ్లు. సిగ్గులేని జన్మలు! నాకు ఒళ్లు మండిపోయింది. అరుగు మీద ఎవరైనా ఆ వార్తలు చదివేటప్పుడల్లా అక్క మాత్రం తలుపు దగ్గరికి వచ్చి వినేది.

ఎండాకాలంలో బావ సెలవు మీద వచ్చాడు. నిక్షేపంగా ఉన్నాడు. మిలిటరీ లారీలు బాగుచేసే చోట పని, కొండల ముఖం కూడా చూడలేదట. పసుపు రాసిన తన పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. పెళ్లికూతురిది వెంకటాచలం ఊరు.

పెదనాయన సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? “చూసినావా అబ్బయా, యుద్ధం వస్తాదని ముందే చెప్పినా!” అన్నాడు ఆ శుభలేఖ చేత్తో పట్టుకుని.

మగవాళ్లున్నప్పుడు అరుగు మీదికి ఎన్నడూ రాని అక్క గడప దాటి వచ్చింది.

“యుద్ధం వస్తాదన్నావు పెదనాయనా, వచ్చింది. దానికి పోయినోడు ఎన్నణాలు తిరిగొస్తాడో నిన్ను ఎవురన్నా అడిగినారా? పోనీ, నాకు ఇష్టమో కాదో నన్నన్నా అడిగినారా?”

నాయన నేల చూపులు చూశాడు. పెదనాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బావ మాత్రం లేచి నిలబడ్డాడు, అక్కను చూస్తూ.

“నువ్వే వద్దన్నావని చెప్పినారే మాకు,” అన్నాడు.