ఇరవై దుప్పట్లు, పది గలీబులు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెకు ఇది పద్నాలుగో ఏడు. వార్డుల నుంచి వచ్చే మాసిన మూటలు విప్పుతుంది. లెక్కపెడుతుంది. కాటా మీద పెట్టి, చీటీ రాసి, యంత్రంలో వేస్తుంది. అరచేతులు ఎప్పుడూ నానినట్టే ఉంటాయి.

ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. దానికి పదో తరగతి కావాలి. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు తప్ప. రెండుసార్లు తప్పింది. ఈ మూడోసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, దరఖాస్తు తీసుకోరు.

రెండు తెలియని సంఖ్యల లెక్క ఏటా వస్తుంది. నాలుగు మార్కులు. పుస్తకంలో అది పడవ వేగం, ప్రవాహం వేగం అంటూ మొదలవుతుంది. ఎక్స్ ఎంతో తెలియదు. వై ఎంతో తెలియదు. తెలియనివాటిని కూడమంటారు, తీసేయమంటారు.

పరీక్ష నాలుగు రోజులుందనగా ఆడబిడ్డ వచ్చి పుస్తకం మూసేసింది. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకున్న మనిషి. బడిలో లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు.

“పడవలూ ప్రవాహాలూ నీకెందుకు వదినా? పడవ ఎక్కితే వాంతి చేసుకుంటావు. నీ మూటలతో కట్టు. దుప్పటి బరువు ఎక్స్. దిండు గలీబు బరువు వై.”

“ఒక్క దుప్పటి ఎంత తూగుతుందో నాకేం తెలుసు?”

“తెలిస్తే ఇంక లెక్కెందుకమ్మా!”

నిజంగానే తెలియదు. లాండ్రీ కాటా పెద్ద మూటల కోసం పెట్టింది. అయిదు కిలోల లోపు దాని ముల్లు కదలదు.

మర్నాడు పాత చీటీలు ఇంటికి తెచ్చుకుంది. ఒకదాని మీద ఇరవై దుప్పట్లు, పది గలీబులు, పన్నెండు కిలోలు. ఇంకోదాని మీద నలభై దుప్పట్లు, ఇరవై గలీబులు, ఇరవై నాలుగు కిలోలు. మొదటిదాన్ని రెట్టింపు చేసి రెండోదాంట్లోంచి తీసేసింది. ఎక్స్ పోయింది. వై కూడా పోయింది. కిలోలూ పోయాయి. సున్నా సమానం సున్నా.

చీటీలు మార్చి మళ్ళీ చేసింది. ఆరు చీటీలు అయిపోయాయి. అన్నిటికీ సున్నాయే. తన బుర్ర ఇంతేనేమో అనుకుంది.

ఆడబిడ్డ కాగితం లాక్కుని చూసి పకపకా నవ్వింది.

“ఇవి రెండు మాటలు కావు వదినా. ఒకటే మాట. ఒకసారి మెల్లగా చెప్పావు, ఇంకోసారి అరిచి చెప్పావు.”

“మరి ఆరు చీటీలు?”

“ఆరుసార్లు అరిచావు. మా అన్నయ్య మీద అరిచినట్టు.”

ఆమెకు నవ్వు రాలేదు. కానీ విషయం అర్థమైంది. వార్డుల్లో మంచానికి రెండు దుప్పట్లు, ఒక గలీబు. పద్నాలుగేళ్ళుగా ఏ మూట విప్పినా అవే పాళ్ళు. తను రాసిన చీటీలన్నీ కుప్ప పోసినా ఒక్క చీటీతో సమానం.

వేరే పాళ్ళున్న మూట కావాలి. పిల్లల వార్డులో మంచానికి దుప్పటి ఒకటే. పిల్లలు దొర్లిపోకుండా చెరో పక్కా ఒక దిండు. ఆ మూట రెండో యంత్రానికి వెళ్తుంది. పరీక్ష ముందురోజు వెళ్ళి ఆ యంత్రం దగ్గరి మనిషిని చీటీ అడిగింది.

“చీటీతో ఏం పనక్కా? దాన్నీ ఉతుకుతావా?”

పది దుప్పట్లు, ఇరవై గలీబులు, తొమ్మిది కిలోలు.

మూటల బల్ల మీదే కట్టింది. ఈ చీటీని రెట్టింపు చేసి, అందులోంచి తన పన్నెండు కిలోల చీటీని తీసేసింది. దుప్పట్లు పోయాయి. ముప్ఫై గలీబులు మిగిలాయి, ఆరు కిలోలు. అంటే గలీబు రెండు వందల గ్రాములు. ఆ తర్వాత దుప్పటి దానంతటదే తేలింది. అరకిలో.

నమ్మకం కలగలేదు. ఇరవై దుప్పట్లు ఏరి కాటా మీద పెట్టింది. ముల్లు ఊగింది. పది దగ్గర ఆగింది.

పరీక్షలో దీర్ఘచతురస్రం ఇచ్చారు. పొడవూ వెడల్పూ కలిపితే తొమ్మిది మీటర్లు. తేడా నాలుగు. కట్టింది. పొడవు ఆరున్నర వచ్చింది.

పుస్తకంలో జవాబులన్నీ నిండు అంకెలే. తన లెక్కలో అర వచ్చినప్పుడల్లా అది తప్పే అయింది. కొట్టేయడానికి కలం కాగితం మీదికి దిగింది. ఇంకా పది నిమిషాలుంది. ఆరున్నర, రెండున్నర. కలిపితే తొమ్మిది. తీసేస్తే నాలుగు. మళ్ళీ కలిపింది. గంట మోగేదాకా కలుపుతూ, తీసేస్తూ ఉంది. కొట్టేయలేదు.

“చెయ్యి తియ్యండమ్మా,” అన్నాడు కాగితాలు తీసుకునే ఆయన.

నలభై రోజుల తర్వాత ఆడబిడ్డ ఫోన్‌లో చూసి చెప్పింది. ముప్ఫై అయిదు వస్తే పాసు. ఆమెకు ముప్ఫై ఏడు.

“రెండు మార్కులు దండగ చేశావు వదినా!”

ఆమె ఫోన్ తీసుకుని, నంబరును ఒక్కో అంకె చొప్పున తన హాల్‌టికెట్‌తో సరిచూసుకుంది. దరఖాస్తుకు గడువు శుక్రవారం దాకా ఉంది. మంగళవారం, ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడింది.