గోదావరిల ఇడిసిన గోలీ

మొన్న కరీంనగర్‌ల డాక్టర్ ముందట నా భక్తి ఎంతటిదో బయటపడ్డది. చెప్త, నవ్వుకోండ్రి గని మా వాడకట్టుల మాత్రం అనకండ్రి. అక్కడ నాకింకా జర ఇజ్జత్ ఉన్నది.

మాది సిరిసిల్ల. ఇంట్ల బట్ట నేసే సాంచాలు. పెండ్లయి వచ్చిన కాన్నుంచి వాటికి దారం కండెలు చుట్టీ చుట్టీ నా నడుము కండె లెక్కనే అయింది. పొద్దుగాల లేస్తే ముందు నేను లేస్త, నడుము ఎనుక లేస్తది. ఆ రెండింటిని కలిపేది ఒక ఎర్ర నొప్పి గోలీ. అది మింగితెనే దేవుని ముందట కూసోని దీపం పెట్టేది.

మా దాంట్ల ఒక ఆచారమున్నది. కాశికి పోయినోళ్లు ఇష్టమైన కాయో పండో అక్కడ ఇడిసిపెట్టి వస్తరు. ఇగ బతికినన్ని దినాలు దాన్ని ముట్టరు. కాశికి పోలేనోళ్లకు చెన్నూరు ఉన్నది. అక్కడ గోదావరి ఉత్తరం దిక్కు మల్లి పారుతది, కాశంత పుణ్యమని మా అవ్వ చెప్పేది. ఎవరేం ఇడిసిండ్రో యాది పెట్టుకునే పని మా ఇంట్ల నాదే. పెత్రమాస నాడు కాలం చేసినోళ్ల పేరు మీద వండేటప్పుడు తప్పు జరగొద్దు గదా! మా అత్తమ్మ ఆనిగెపుకాయ ఇడిసింది. మా బాపు జామపండు ఇడిసిండు. మా మామ పనసపండు ఇడిసిండు. ఆయన పనసపండు తినంగ అంతకుముందు చూసినోళ్లు లేరు, అది వేరే ముచ్చట.

పోయిన కార్తీకంల లక్సెట్టిపేటల తల్లిగారింటికి పోయి, ఆడికెళ్లి చెన్నూరు పోయిన. ఎంబడి మా కోడలు స్వరూప. నీళ్లల్ల నిలబడి ఆలోచన చేసిన. కాయలు, పండ్ల మీద ఇప్పుడు నాకేం మోజున్నది? ఇడిసిపెట్టి ఉండలేనిదంటే అదొక్కటే. చేతులు జోడిచ్చి, "తల్లీ గోదారమ్మా, ఎర్ర గోలీ ఇడిసిన" అన్న. గోలీ నీళ్లల్ల ఎయ్యలే, మాటనే ఇడిసిన. చేపలకేం నడుము నొప్పి!

ఒడ్డు మీద స్వరూప కండ్లల్ల నీళ్లు. రోజూ గట్ల గోలీలు మింగుతే కిడ్నీలు ఖరాబైతయని ఎన్నటినుంచో మొత్తుకుంటున్న పిల్ల. ఇంటికి రాంగనే వాడకట్టంత తిరిగి చెప్పింది. "మా అత్తమ్మది ఎంత గట్టి మనసో!" అని.

మనసు గట్టిదే. నడుము కాదు.

ఓర్చుకున్న. చూసిన, చూసిన, ఇగ నాతోని కాలే. మెడికల్ షాపుకు పోయి, "ఎర్రది ఇడిసిన బిడ్డా, వేరేది ఏదన్న ఇయ్యి" అన్న. తెల్లది ఇచ్చిండు. ఇడిసింది ఎర్రది గదా, తెల్లది కాదు గదా! దేవుని కాడ మాట సాఫ్. అది గూడ సరిపోకపోతే పక్కింటి సత్తెమ్మ, బొగ్గుబాయిల పనిచేసే అల్లుడు తెచ్చిండని పచ్చ అట్టది ఇచ్చింది. పచ్చది నేను అడగలే, ఆమెనే ఇచ్చింది, ప్రసాదం అసొంటిదే. మరీ లేవరాని నాడు గల్లీ డాక్టర్‌తోని సూది. సూది గోలీ కాదు గదా!

ఇగ సూడుండ్రి, పాదాలు ఉబ్బినయి. అన్నం సయిస్తలేదు. స్వరూప బ్లడ్ టెస్ట్ చేపిచ్చి, రిపోర్ట్ పట్టుకోని కరీంనగర్ పెద్ద డాక్టర్ కాడికి తీస్కపోయింది.

"నొప్పి గోలీలు ఏమన్నా వాడుతున్నరా అమ్మా?" అని అడిగిండు డాక్టర్.

నేను నోరు తెరిచేలోపే స్వరూప, "లేదు సార్! గోదావరిల ఇడిసిపెట్టింది!"

డాక్టర్ పెన్ను ఆగింది. "గోదావరిలనా?"

ఆమె మొత్తం చెప్పింది, కాశి కాన్నుంచి పనసపండు దాంక. డాక్టర్, "శానా మంచి పని చేసిన్రమ్మా" అన్నడు. నేను తలకాయ దించుకున్న. ఇద్దరూ అది అణకువ అనుకున్నరు.

"మరి కిడ్నీ రిపోర్ట్ ఎందుకు గిట్లున్నది? షుగర్ లేదు, బీపీ లేదు. నాకే సమజ్ అయితలేదు. హైదరాబాద్‌కు రాసిస్త. అవసరమైతే కిడ్నీలకెళ్లి చిన్న ముక్క తీసి టెస్ట్ చేస్తరు."

స్వరూప మొకం తెల్లగైంది. ఫోన్ తీసి, "ఏమయ్యా, జల్ది రా, అత్తమ్మను హైదరాబాద్ తీస్కపోవాల్నట" అని నా కొడుకుతోని చెప్పవట్టింది. నేను లోపల్లోపల మా ఇంటి దేవుడు రాజన్నను తలుసుకున్న. ఆయన ఏం పలుకలే. ఎందుకు పలుకుతడు, చెప్పాల్సింది నేను గదా! నా ఇజ్జత్ కోసం కిడ్నీ ముక్క కోపిచ్చుకుంటనా?

"సార్," అన్న మెల్లగ, "నేను ఎర్రదే ఇడిసిన."

"అంటే?"

"తెల్లది ఇడువలే."

ఫోన్‌ల నా కొడుకు హలో హలో అంటనే ఉన్నడు.

"పచ్చది గూడ ఇడువలే. అప్పుడప్పుడు సూది."

"అత్తమ్మా!" అన్నది స్వరూప.

సంచిల కుంకుమ పొట్లం కింద దాచిపెట్టిన అట్టలన్నీ తీసి బల్ల మీద పెట్టిన. ఎర్రదాని ఖాళీ అట్ట గూడ ఉండె. డాక్టర్ అద్దాలు పెట్టుకోని ఒక్కొక్కటి తిప్పి తిప్పి చూసిండు.

"అమ్మా, అన్నీ ఒక్కటే మందు. కంపెనీలు వేరు, రంగులు వేరు. సూదిల గూడ గసొంటిదే ఉంటది. మీరు ఇడిసిన దాన్నే అన్ని దిక్కులకెళ్లి మింగుతున్నరు."

"అంటే నా మొక్కు పోయినట్టేనా సార్?"

"మొక్కు సంగతి నాకు తెల్వదమ్మా. కిడ్నీ పోకముందే చెప్పిన్రు, అది చాలు. ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్తే అన్నీ బంద్ చెయ్యమంటరు. బంద్ చేస్తే దీపం కాడ కూసోలేను. రోజూ నొప్పి నొప్పి అంటే ఇంట్లోళ్లు పరేషాన్ అయితరు. వాళ్లు నన్ను చూసి అలిసిపోవుడు కంటే నేనే గోలీలతోని గుట్టుగ బతుకుడు నయమనుకున్న."

చెప్పంగ చెప్పంగ నాకే ఏడుపచ్చింది. స్వరూప ఫోన్ పక్కకు పెట్టి నా ఈపు మీద చెయ్యేసింది. "ఇంక అలిసిపోయేది ఏమున్నది అత్తమ్మా, ఇప్పుడు సూడు, నా ప్రాణం పోయినంత పనైంది" అన్నది.

డాక్టర్ కోపం చెయ్యలే. "నొప్పి ఉండుడు తప్పు కాదు, మందు అడుగుడు తప్పు కాదు. దాస్తే నాకు తెల్వది, అదే కష్టం. ఇవన్నీ ఇయ్యాల్టి నుంచి బంద్. కిడ్నీకి భారం కాని మందు ఇస్త, నడుముకు కసరత్తు నేర్పిస్తరు. మళ్ల బ్లడ్ టెస్ట్ చేద్దాం, తర్వాతనే హైదరాబాద్ ముచ్చట. నొప్పి ఎంత ఉంటే అంత చెప్పాలె. తక్కువ చెప్పొద్దు, దాయొద్దు. సరేనా?"

"సరే సార్. దేవుని మీద ఒట్టు."

మనసు దూదిలెక్క తేలికైంది. స్వరూప భుజం పట్టుకోని లేసిన. నడుము సగంల ఆగింది. అట్లనే వంగి, ఇంకో చెయ్యి గోడకు ఆనిచ్చి, తలుపు దాంక నడిచిన. ఎనుకకెళ్లి డాక్టర్ అడిగిండు.

"ఇప్పుడు నొప్పి ఎట్లున్నదమ్మా?"

ఎవరన్న అడిగితే ఏం చెప్పాల్నో నా నోటికి చిన్నప్పటి సంది అలవాటే. నన్ను అడగకుండనే చెప్పేసింది.

"ఏం లేదు సార్, మంచిగున్న!"

బయట కూసున్న పేషెంట్లు గూడ నవ్విండ్రు. డాక్టర్ పెన్ను కింద పెట్టి, "మళ్ల వచ్చి కూసోండ్రమ్మా" అన్నడు.

ఆ కూసునుడే నాతోని కాదని చెప్పుదామంటే, ఇప్పుడే మంచిగున్న అంటిని గదా!