రంపానికి అవతలి పిడి

మా స్టేషను పేటలో రంపపు కోత సిలార్‌ను ఎరగనివాళ్ళు లేరు. కాకపోతే ఒక్క సిలార్ అని ఎవరూ అనేవాళ్ళు కాదు. "సిలార్, బుడే" అని రెండు పేర్లూ కలిపే అనేవాళ్ళు. బుడే అతని బావమరిది, అంటే సిలార్ భార్య నజీరాకు సొంత తమ్ముడు. నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్ళే చిన్న రైలు దారిలో ఉంటుంది మా ఊరు. పత్తి బాగా పండిన ఏడు రైతులు పూరిళ్ళు పీకి పెంకుటిళ్ళు వేసుకునేవాళ్ళు. వాటికి దూలాలూ, వాసాలూ, గుమ్మాలకు చెక్కా ఈ ఇద్దరే కోసిపెట్టేవాళ్ళు.

ఆ కోత చూడనివాళ్ళ కోసం చెబుతాను. నిలువెత్తు గుంట తవ్వి, దాని మీద అడ్డంగా మాను పెడతారు. బొగ్గునీళ్ళలో ముంచిన దారంతో దాని మీద గీత కొడతారు. గీత కొట్టినవాడు మాను ఎక్కి నిలబడతాడు, ఇంకొకడు గుంటలో దిగుతాడు. రంపానికి రెండు కొసలా రెండు పిడులు. పైవాడు లాగేటప్పుడు కిందివాడు వదలాలి, కిందివాడు లాగేటప్పుడు పైవాడు వదలాలి. కొంచెం తేడా వచ్చిందంటే రంపం వంకరపోతుంది, మాను పాడవుతుంది.

సిలార్‌కు ఆ పని తండ్రి పీరు నేర్పాడు. తండ్రి బతికినన్నాళ్ళూ సిలార్ గుంటలోనే ఉన్నాడు. తండ్రి పోయాక పైకెక్కాడు. అప్పటినుంచి పద్నాలుగేళ్ళు పైన సిలార్, కింద బుడే.

ఎనభై ఏడులో రంజాను పండుగ వెళ్ళిన వారానికి బుడే ఉన్నట్టుండి రావటం మానేశాడు. తోమా అనే ముప్పై దాటిన మనిషితో జత కట్టి, స్టేషనుకు అవతల వేరే గుంట తవ్వుకున్నాడు. ఎందుకని నేను అడగని రోజు లేదు. ఇద్దరిలో ఒక్కడూ నోరు విప్పలేదు. చివరికి నజీరాను మా అరుగు మీద కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ అడిగాను.

"నాకు తెలిస్తే నీకు చెప్పనా హనుమాయమ్మత్తా? తమ్ముణ్ణి అడిగితే మీ ఆయన్నడుగు అంటాడు. ఈయన్ని అడిగితే నీ తమ్ముణ్ణడుగు అంటాడు. మధ్యలో నాకేం తెలుసు?"

సిలార్ మటుకు కుళ్ళిపోయాడు. బీడీలు అమ్మే కొట్టు మా వీధిలోనే ఉంది. అయినా రోజుకు రెండుసార్లు పట్టాలు దాటి అవతలి కొట్టుకు వెళ్ళేవాడు, దారిలో వాళ్ళ గుంట ఉందని. వాళ్ళు కోసి పేర్చిన చెక్కల దగ్గర ఆగి బొటనవేలితో తడిమి చూసేవాడు. గీత ఎక్కడైనా నూలుమందం తప్పి ఉంటే ఆ సంగతి పేటంతా తిరిగి చెప్పేవాడు. తప్పు దొరక్కపోతే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

"నేను పుట్టింటికెళ్ళి నెల్లాళ్ళున్నా ఈయనిట్టా చిక్కిపోలేదత్తా," అంది నజీరా. "నాకు సవతి లేదనుకున్నా. నా తమ్ముడే సవతయ్యాడు."

అవతలి పిడికి ముగ్గుర్ని తెచ్చిపెట్టుకున్నాడు సిలార్. ఒక్కడూ వారం నిలవలేదు. లాగుడు రాదని, ఊపిరి లేదని అందరికీ వంకలు పెట్టాడు. ఆఖరికి ఒంటిచేతి పనికి దిగి మంచం కోళ్ళు, రోకళ్ళు చెక్కుకుంటూ కూర్చున్నాడు. బుడే తిరిగి వస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని అతని మొహం చూసిన ఎవరికైనా తెలిసేది. నోటితో మాత్రం, "వాడు కాళ్ళావేళ్ళా పడినా రానివ్వను," అనేవాడు.

ఆ నవంబరులో తుపాను వచ్చింది. మిరప తోటలు నేలకు పడుకున్నాయి, పగిలిన పత్తి తడిసి చెట్టునే నల్లబడింది. రైలు కట్ట వెంట తుమ్మలు వరసగా కూలాయి. వాటిని రైల్వే గ్యాంగువాళ్ళు గొడ్డళ్ళతో నరికి లాగేశారు. గాలి తగ్గింది కదా అని తెల్లవారుతూ నరసరావుపేట నుంచి పాసింజరు వదిలారు. అది దారిలో ఉండగా మా ఊరి రైలు గేటు దగ్గరి నిద్రగన్నేరు వేళ్ళతో సహా లేచి పట్టాల మీద పడింది. ఎర్రజెండా చూపించి బండిని అరమైలు దూరంలో ఆపారు. ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత మాను అది. దానికి గొడ్డలి దెబ్బలు ఏ మూలకూ చాలవు.

గ్యాంగు మేస్త్రి యేసుపాదం పరుగున సిలార్ ఇంటికి వచ్చాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"అడ్డకోత రంపం తీసుకుని రావయ్యా సిలార్. అవతలి పిడికి బుడే ఉన్నాడు, చెప్పి వచ్చా."

"వాడి జోడీ ఏమయ్యాడు? ఆ మొనగాణ్ణే పిలుచుకోండి."

"ఆ మొనగాడు నిన్న వదినగారింటికి పోయి, ఇవాళ ఆ బండిలోనే ఇరుక్కున్నాడయ్యా."

సిలార్ మొహం కళకళలాడింది. "అయితే మాత్రం నేనెందుకు వస్తా?" అంటూనే చూరులోంచి రంపం దించాడు. నజీరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పట్టాలకు రెండు పక్కలా మానును కోసి, మధ్య ముక్కను దొర్లించాలి. ఇక్కడ గుంట లేదు. బావా బావమరుదులిద్దరూ నేల మీద ఎదురెదురుగా నిలబడ్డారు. పలకరింపుల్లేవు. పది లాగుళ్ళకల్లా రంపం ఒకే ఊపున ఆడసాగింది. రంపపు పొట్టు అటుకుల్లా రాలుతోంది. సిలార్ పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. బండి దిగిన జనం ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. చంకలో పిల్లలతో తల్లులు, కూరగాయల బుట్టలతో రైతులు, గుంటూరు కోర్టుకు పోయేవాళ్ళు.

సగానికి వచ్చేసరికి పని మందగించింది. నేను వంగి చూశాను. అటుకుల్లా పడే పొట్టు ఇప్పుడు పిండిలా పడుతోంది. సిలార్ రంపం మీద బరువు వేయటం లేదు, ఊరికే ఆడిస్తున్నాడు. మాను తెగితే బుడే వెళ్ళిపోతాడు మరి!

"ఏమయ్యా, కోస్తున్నారా, ఊయలూపుతున్నారా?" అని ఒకాయన అరిచాడు.

అప్పుడే సంచీ భుజాన వేసుకుని పట్టాల వెంట తోమా వచ్చాడు. "అలిసిపోయినట్టున్నావు సిలారన్నా. ఇటివ్వు, నేను పడతా."

"ఎవడ్రా అలిసింది? పోయి నీ సీట్లో కూచో. టిక్కెట్టు కొన్నావుగా!"

జనం నవ్వారు. బుడే నవ్వలేదు, రంపం ఆపేశాడు.

"వదులు బావా."

"ఏందిరా వదిలేది?"

"నువ్వు లాగటంలా, ఆడిస్తన్నావు. పసిపిల్లలు పొద్దుటినుంచి ఆ బండిలో ఏడుస్తన్నారు."

"నేను ఆడిస్తన్నానని నీకెట్టా తెలుసు?"

"పద్నాలుగేళ్ళు నీ కింద నిలబడినోణ్ణి. పైన నువ్వు తుమ్మినా నా చేతికి తెలుస్తది. కింద నా సంగతే నీకు తెలీదు. పొట్టు పడీ పడీ పొద్దు వాలితే ఈ కన్ను మసకేస్తంది. రంజానుకు ముందు అడిగా, ఒక్క మాను పైనుంచి కోస్తా బావా అని. ఏమన్నావు?"

సిలార్ వంగి రంపం మీది పొట్టు దులిపాడు.

"'నువ్వు పైకెక్కితే ఇక నేనెవర్ని?' అన్నావు. తోమాని నేను అడగనే లేదు. 'ఇవాళ నువ్వెక్కు, రేపు నేనెక్కుతా' అని తనే అన్నాడు."

ఇన్ని నెలలు నేనడిగి అడిగి అలిసిపోయిన సంగతి, ముక్కూమొహం తెలియని జనం మధ్య అట్లా బయటపడింది. నా పక్కన నజీరా, "ఇందుకా!" అని నుదురు కొట్టుకుంది.

సిలార్ పిడి వదిలేశాడు. తోమా అందుకున్నాడు. మిగిలిన సగం చకచకా తెగింది. రెండో పక్క కోత మొదటిదాంట్లో సగం సేపు కూడా పట్టలేదు. సిలార్ కంకర కుప్ప మీద కూర్చుని, రెప్ప వేయకుండా తోమానే చూస్తున్నాడు.

"వాడు మోకాలు ఎట్టా పెట్టాడో చూడత్తా," అన్నాడు నాతో.

"ఎట్టా పెట్టాడు?"

చాలాసేపు చూశాడు. "సరిగ్గానే పెట్టాడు," అని మొహం తిప్పుకున్నాడు.

గునపాలతో ముక్కను దొర్లించారు. మధ్యాహ్నం రెండింటికి బండి కూత వేసుకుంటూ కదిలింది.

మూడో రోజు పొద్దున నజీరా తమ్ముడింటికి పరుగెత్తింది. "మీ బావ గుంటలో దిగి కూచున్నాడురా. పైకి రమ్మంటే రావటంలా!" బుడే వచ్చాడు. నేను రాకుండా ఉంటానా?

వాననీళ్ళు తోడేసిన గుంటలో, చీలమండల లోతు బురదలో, తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు సిలార్. పైన వేపమాను ఉంది, గీత కొట్టి లేదు.

"పైకి రా బావా. ఈ వయసులో నడుం పడిపోద్ది."

"నువ్వెక్కు."

"నాకు తోమాతో పనుంది."

"రోజూనా?"

బుడే కాసేపు తల గోక్కున్నాడు. "ఆదివారం తోమా ప్రార్థనకు పోతాడు. ఆ ఒక్కరోజు నాకు ఖాళీ."

"ఒక్కరోజేనా?"

"ఒక్కరోజే. ముందు రెణ్ణెల్లు నువ్వు కిందే. తర్వాత వంతులు."

"సరే," అన్నాడు సిలార్.

ఆ ఆదివారం బుడే మాను ఎక్కాడు. దారం తనే పట్టి గీత కొట్టాడు. మొదటి లాగుడుకే పొట్టంతా సిలార్ మొహాన పడింది. "కాస్త చూసి లాగరా!" అని అరవబోయి, సగంలో మింగేశాడు. ఉమ్మేసి, కళ్ళు తుడుచుకుని, కిందికి లాగాడు.

అప్పటినుంచి ఆదివారాలు ఆ ఇంట్లో పండగే. మిగతా ఆరు రోజులూ మాత్రం సిలార్ బీడీలకు అవతలి కొట్టుకే వెళ్ళేవాడు. డిసెంబరు రాగానే ఎర్రబడ్డ కళ్ళతో మా ఇంటికి వచ్చి, గోడకున్న క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

"అత్తా, క్రిస్మసుకి వీళ్ళు ఎన్నాళ్ళు పని మానేస్తారు?"

"రెండ్రోజులనుకుంటా."

"అంతేనా? యేసుపాదం మేస్త్రి పోయిన ఏడు నాలుగు రోజులు మానలా?"

"ఆయనది గవర్నమెంటు ఉద్యోగంరా."

సిలార్ క్యాలెండరులో ఒక్కో గడినీ వేలితో తడుముతూ కొంచెంసేపు ఆలోచించాడు.

"తోమాకి భక్తి బాగా ఉందంటావా అత్తా?"

"ఏమోరా. ఎందుకు?"

"ఉంటే మంచిది," అన్నాడు.