నడిమి గదిలో తడి నూలు

రెండు చుట్టల అల్యూమినియం రేకు, ఒక పిండి జల్లెడ, చీల్చిన కూల్‌డ్రింక్ డబ్బాలు మూడు, మా ఆవిడ పెళ్లినాటి స్టీలు తాంబాళం: వైఫై కోసం మా ఇంట్లో పాడైపోయిన సామాను ఇదీ. మొన్న ఇంటర్నెట్ వాళ్లు వచ్చి వెనుక గదిలో అరచేతంత కొత్త డబ్బా బిగించి, ఇక ఇల్లంతా సిగ్నల్ అందుతుందని చెప్పి వెళ్లాక, అటక మీది ఆ చెత్తనంతా దించుతూ ఈ లెక్క వేసుకున్నాను. నా చదువు ఏడో తరగతితోనే ఆగినా, జంపఖానాకు ఎన్ని పోగులు పడతాయో, ఎంత నూలుకు ఎంత రంగు కావాలో నోటి లెక్కతో చెప్పేవాణ్ణి కనుక, పోయినదాన్ని తేల్చుకోనిదే నాకు మనసు కుదుటపడదు.

దారులన్నీ మూసేసిన ఆ ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. భివండీలో మరమగ్గాల మీద పనిచేసే మా అన్న ఊపిరాడక అక్కడి దవాఖానలో చేరాడు. ఇక్కడ వరంగల్‌లో మా అమ్మ తుంటి విరిగి, ఎముక అతకడానికి కాలికి బరువుగా ఇటుకలు వేలాడదీసిన మంచం మీద, వెనుక గదిలో కదలకుండా పడుకుని ఉంది. అతను రాలేడు, ఆమె లేవలేదు, నేను పోలేను. సాయంత్రం పూట అన్న చేసే వీడియో కాల్ ఒక్కటే వాళ్లిద్దరికీ మిగిలిన దారి. అమ్మ గదిలో ఫోను టవర్ అందదు, వైఫై డబ్బా ఏమో ముందుగది గోడకు ఉంది, నడుమ ఇంకో గది.

అట్టకు రేకు అతికించి డబ్బా వెనుక వంచి నిలబెడితే వీధిలోకి పోయే సిగ్నల్ ఇంట్లోకి మళ్లుతుందని ఎవరో చెబితే అట్లాగే చేశాను. తాంబాళం పెట్టాను, కూల్‌డ్రింక్ డబ్బాలు చెవుల్లా తగిలించాను. జల్లెడ పెట్టిన రోజున మా ఆవిడ, "పిండి జల్లెడ కొంటవొయ్యి ఆడ వెట్టినవ్, రొట్టెలకు నీ సిగ్నల్ జల్లించాల్నా?" అంటే, ఆ రోజుల్లో మొదటిసారి అమ్మ కూడా నవ్వింది. ఒకనాడు అన్న మొహం తేటగా కనబడేది, నా రేకు పనిచేసిందని పొంగిపోయేవాణ్ణి. ఇంకోనాడు అదే రేకు, అదే వంపు, బొమ్మ మాత్రం బిగుసుకుపోయేది. "పెద్దోడు మాట్లాడుతాండు గని నోరు కదుల్తలేదురా, జర సూడు" అనేది అమ్మ. వాన పడ్డ రోజునే ఇట్లా చెడుతోంది కనుక వానదే తప్పనుకుని రేకును ఇంకాస్త వంచేవాణ్ణి.

ఆఖరిసారి కాల్ వచ్చిన రోజు ముసురు పట్టి ఉంది. "అమ్మా, కాలెట్లున్నది? నా ఫికర్ చెయ్యకు" అన్నంతవరకే వినబడింది. నేను నడిమి గదిలో రంగు వేసి ఆరేసిన నూలు చిలపల, ఆ పోగుల కట్టల కింద నుంచి వంగి వంగి పరుగెత్తి రేకు తిప్పుతున్నాను, మళ్లీ వచ్చి చూస్తున్నాను. అమ్మ ఆ కదలని మొహాన్నే వేలితో నిమురుతోంది. తెల్లారేసరికి అన్న లేడని కబురు వచ్చింది.

మైల ఇంట్లో మగ్గం ఆడదు, రంగు గాబు ముట్టరు, దండేలు ఖాళీగా ఉన్నాయి. మా ఆవిడ రేకులన్నీ ఊడదీసి అటక మీద పడేసింది. బయట ముసురు విడవలేదు, అయినా పరామర్శకు ఫోను చేసిన చుట్టాల మొహాలు అమ్మ గదిలో అద్దంలో చూసినట్టు కనబడుతుంటే నాకు ఏమీ అర్థం కాలేదు. దినాలు గడిచి, మళ్లీ రంగు వేసి, నడిమి గదిలో నూలు ఆరేసిన రోజున మా మేనత్త మొహం మాట మధ్యలో ఆగిపోయింది. అప్పుడు తెలిసింది. ఎండ కాస్తే మా నూలు వాకిట్లో ఆరుతుంది. వాన వస్తే నడిమి గదిలో, దండేల నిండా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. వైఫై డబ్బాకూ అమ్మకూ మధ్య సిగ్నల్‌ను మింగేసే నీటి గోడ అది. దండెం మీది పోగులన్నీ లెక్క చెప్పగల నేను, వాటిలోని నీళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఈ సంగతి అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు వినేందుకు ఆమె కూడా లేదు. మేం రంగు వేసిన నూలే కొంటున్నాం, నడిమి గది ఎప్పుడూ పొడిగానే ఉంటుంది, వెనుక గదిలో కొత్త డబ్బా పచ్చగా వెలుగుతోంది, అక్కడ ఫోను పట్టుకుని కూర్చోవలసిన మనిషి లేదు. అన్న పక్క మంచం మీద ఉన్న మరాఠీ ఆయన తర్వాత ఫోను చేసి, ఆ సాయంత్రం అన్న చివరిదాకా ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడని చెప్పాడు. ఏం మాట్లాడాడో తెలుగు రాని ఆయన చెప్పలేకపోయాడు. ఆ కాల్ ఆరు నిమిషాలు నడిచినట్టు ఫోను చూపించింది. అమ్మకు అందింది అర నిమిషం. ఐదున్నర నిమిషాలు ఇంకా రావలసే ఉన్నాయి.