రేకు పెట్టెల కొట్టులో బోణీ

చిన్న వ్యాపారస్థులకు ఉచితంగా సలహాలు చెప్పడానికి సర్కారు వారు అనకాపల్లికి ఒక ఆఫీసరుని పంపారు. అరవైల మొదట్లో మాట ఇది. బెల్లం మార్కెట్టు వెనక ఆయనకో గదీ, బల్లా ఇచ్చి, గోడకి బోర్డు కొట్టారు. నెల తిరిగినా ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఊరికే మంచి చెబుతామంటే మా ఊళ్ళో నమ్మేవాడెవడు? అమ్మకం పన్ను వాళ్ళే వేషం మార్చుకొచ్చారని కిరాణా వాళ్ళు తేల్చేశారు. ఆయన వీధిలో వస్తుంటే కొట్ల వాళ్ళంతా దివాలా తీసినట్టు దిగాలుగా కూర్చునేవారు. ఒక మిఠాయి కొట్టాయన సరుకు కనిపించకుండా హల్వా పళ్ళెం మీదే కూర్చున్నాడని చెప్పుకునేవారు. మొదట చెప్పింది నేనే కాబట్టి అది నిజమే.

నేనప్పుడు బెల్లం దళారీని. చిటికెడు బెల్లం నోట్లో వేసుకుంటే అది మాకవరపాలెం చెరుకో, కె. కోటపాడు చెరుకో చెప్పేవాణ్ణి. ఇంకో చిటికెడు వేసుకుంటే ఆ రైతుకి అత్తగారితో మాటలున్నాయో లేవో కూడా చెప్పేవాణ్ణి. సీజను అయిపోయాక మాత్రం పనుండేది కాదు. అందుకని నా వంతు ఉచిత సలహాలు నేనూ చెబుతూండేవాణ్ణి. రేకు పెట్టెల భాయ్ కొట్టు ముందున్న బల్లే నా ఆఫీసు. ఆయన రేకు వంచి ట్రంకు పెట్టెలు చేసి, మూతల మీద చిలకలూ గులాబీలూ వేసేవాడు. చుట్టుపక్కల ఏ పల్లెలో పెళ్ళయినా ఆయన పెట్టె ఉండాల్సిందే. కొట్టు వెనకే కాపురం, మధ్య ఒక తెర. తెర వెనక నుంచి ఆయన భార్య నాకు టీ ఇచ్చేది, దాంతోపాటు చీవాట్లూ పెట్టేది.

అంత పనివాడి కొట్టు మూతపడే దశకొచ్చింది. విశాఖపట్నంలో వర్క్‌షాపు నడుపుతున్న ఆమె అన్న కబురు పెట్టాడు: శ్రావణం పెళ్ళిళ్ళ లోపు కొట్టు తేరుకోకపోతే సుత్తీ కత్తెరా సర్దుకుని తన దగ్గర పనికి వచ్చెయ్యాలని. బావమరిది చేతి కింద పని చెయ్యాలంటే భాయ్‌కి ప్రాణం పోయినంత పనయ్యేది.

రోగమేమిటో నాకు తెలుసు. బోణీ. పొద్దున్నే మొదటి బేరం చేజారితే ఆ రోజంతా చెడిపోతుందని మా ఊళ్ళో హిందువులూ నమ్ముతారు, ముస్లిములూ నమ్ముతారు. ఉప్పు అమ్మేవాడు మొదటి బేరంలో పిడికెడు పోగొట్టుకున్నా తరవాతి బేరాల్లో రాబట్టుకుంటాడు. పెట్టెల కొట్టులో రోజుకి ఒకటి అమ్మితే గొప్ప. అదే బోణీ, అదే ఆఖరు. ఈ కిటుకు రైతులు కనిపెట్టేశారు. తొలి బస్సుకే దిగి, తలుపు తీసేదాకా అరుగు మీద కాపలా కాసి, రేకు ఖరీదు కూడా రాని ధరకి పెట్టె అడిగేవారు.

“బోణీ బేరం భాయ్! కాదంటే ఎల్లిపోతాను. ఆనక నన్నేటీ అనకు,” అంటూ కోటపాడు రైతొకడు మెట్టు దిగబోయేవాడు.

“ఆగు మావా, ఆగు! పట్టుకుపో. నా కొంప కూడా అందులో ఎట్టి పట్టుకుపో,” అని భాయ్ పెట్టె చేతికిచ్చేసేవాడు.

ఒకరోజు భాయ్‌ని ఆఫీసరు గదికి లాక్కెళ్ళాను. ఆఫీసరు గారి మొహం వెలిగిపోయింది. ఆయనకీ మేమే బోణీ. అంతా విని, “ఈ బోణీ పట్టింపు మానెయ్యండి. ఒకటే ధర అని బోర్డు పెట్టండి,” అన్నారు.

భాయ్ లేచి నిలబడ్డాడు. “బోణీ మానేసి కొట్టు తియ్యమంటే, లుంగీ మానేసి బజారుకెళ్ళమన్నట్టే బాబూ.”

సర్కారు మందు పని చెయ్యలేదు కాబట్టి నా మందు వేశాను. బల్ల మీద కూర్చుని వచ్చిన రైతులకల్లా చెప్పాను: గొలుగొండలో ఒకాయన బోణీ పేరు చెప్పి భాయ్‌ని పీడించి కూతురి పెళ్ళికి పెట్టె కొన్నాడు. అత్తారింట్లో పెళ్ళికూతురు తాళం తీస్తే మూత రాలేదు. వడ్రంగి ఓడిపోయాడు, కమ్మరి ఓడిపోయాడు. చివరికి ఏనుగుని తెచ్చారు. ఏనుగు కాలు బెణికింది గాని మూత కదల్లేదు. పెళ్ళికూతురి తండ్రి పరుగున వచ్చి పూర్తి ధర భాయ్ చేతిలో పెట్టాడు. సరిగ్గా ఆ క్షణాన అక్కడ అత్తారింట్లో మూత టప్పున లేచింది.

“నిజవేనా బావా?” అన్నాడు కోటపాడు రైతు.

“ఆ ఏనుగు కాలికి తైలం రాసింది నేనే. నాకు తెలీదేటి?”

కథ బ్రహ్మాండంగా పని చేసింది. కాస్త ఎక్కువే చేసింది. మర్నాడు కొట్టు ముందు రైతులంతా గుంపుగా నిలబడ్డారు, ఒక్కడూ మెట్టెక్కడు.

“నువ్వెల్లు మావా, పెద్దోడివి.”

“నాకెందుకురా? నీకు పెల్లాం కొత్త, నువ్వెల్లు.”

మొదటి గిరాకీ తానవడం ఎవరికీ ఇష్టం లేదు. ఎండ నడినెత్తికొచ్చినా బోణీ కాలేదు. ఆ రోజే కాదు, తరవాతా అంతే. వచ్చే వారం విశాఖపట్నం నుంచి అన్న బయల్దేరుతున్నాడని మళ్ళీ కబురొచ్చింది. భాయ్ భార్య నా చేతిలోంచి టీ గ్లాసు లాక్కుంది.

“అన్నయ్యా, నీ ఏనుగొచ్చి మా కొట్టుకే అడ్డంగా కూకుంది. ముందు దాన్ని లెగదియ్యి.”

సరిగ్గా అప్పుడే ఆఫీసరు గారు గొడుగు ముడుచుకుంటూ వచ్చారు. ఆయన గదికి మా తరవాత ఎవరూ రాలేదట. నా పక్కన కూర్చుని అడిగారు, “భాయ్, బోణీ అంటే పెట్టే అమ్మాలా? ఏదమ్మినా బోణీయేనా?”

“గరిటెడు నీల్లమ్మినా బోణీయే బాబూ. నాకాడ పెట్టెలు తప్ప ఏటున్నాయి?”

తెర కిందనుంచి ఒక బుట్ట మా కాళ్ళ దగ్గరికి జారింది. నిండా రేకు ముక్కలు. “ఏటున్నాయా? ఇయ్యున్నాయి. రోజూ ఊడవలేక సత్తన్నాను,” అంది ఆమె. ముక్కల మీద, భాయ్ ఎప్పుడో ఆమెకి చేసిచ్చిన కిరసనాయిలు గరాటు ఉంది. అందరం దానివంక చూశాం. ఇదే బోణీకి పెడదామన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో ఆఫీసరు గారికీ ఆమెకీ ఇంకా తేలలేదు. నా నోటే వచ్చిందని నేను ఆ సాయంత్రానికే ఊరంతా చెప్పేశాను.

భాయ్ ముక్కలతో గరాటులూ దీపం బుడ్లూ చేసి గుమ్మానికి వేలాడదీశాడు. నేను నా కథకి తోక తగిలించాను: పెట్టె బోణీ అయితేనే మూత బిగుస్తుంది, గరాటు బోణీ అయిన రోజు కొన్న పెట్టె మూత వెన్నలా వస్తుంది. ఇక చూడండి! మొదట వచ్చినవాడు గరాటు మీద తన బేరం సరదా అంతా తీర్చుకునేవాడు. దాని వెనకే, “బోణీ అయిపోయింది మావా, ఇప్పుడు పెట్టె సంగతి మాటాడు,” అని భాయ్ గొంతు సవరించుకునేవాడు. ఆ గొంతు నేనంతకుముందెప్పుడూ వినలేదు.

బావమరిది మెయిలు బండి దిగి తెల్లారేసరికి వచ్చేశాడు. సామాను కట్టడానికి తాడు కూడా తెచ్చుకున్నాడు. తలుపు తీసింది చెల్లెలే, చేతిలో గరాటుతో.

“బోణీ అవలేదన్నా. ముందు కొను.”

“కొనడానికి రాలేదమ్మా, మిమ్మల్ని తీసుకెల్లడానికొచ్చేను.”

“వొట్టి సేతుల్తో మెట్టు దిగుతావా? సెల్లెలి రోజు పాడు సేత్తావా?”

అతను ధర తగ్గించమన్నాడు. ఆమె తగ్గించలేదు. అతని వెనక నిలబడ్డ కోటపాడు రైతు భుజం తట్టాడు. “తొరగా తెములు బాబూ, మా పిల్ల పెల్లి శ్రావణంలోనే.”

బావమరిది కొన్నాడు. నా పక్కన బల్ల మీద కూర్చుని పెట్టెలు ఒకదాని వెనక ఒకటి బళ్ళెక్కడం చూశాడు. చిలక రంగు ఇంకా ఆరలేదని భాయ్ ఒకాయన్ని కసురుకుంటుంటే నోరు తెరుచుకు విన్నాడు. తాడు తిరిగి చుట్టేశాడు.

సాయంత్రం స్టేషనుకి అతన్ని సాగనంపింది నేనే. “మా బావ రానన్నాడా, రాలేనన్నాడా?” అని అడిగాడు.

“అడగనిచ్చేడేటి? రంగు కలుపుతున్నాడు,” అన్నాను.